పాత యంత్రం ఒప్పుకునే భాష

పక్కింటి లిల్లీ మా అత్తతో అన్నదట, "మీ కోడలు పొద్దస్తమానం ఆ ల్యాప్‌టాప్ ముందరే కూర్చోనుంటాదే, మీ ఇంట్లో వంటెవురు చేస్తారక్కా" అని. నేను చేపలు తోముతుంటే ఆ మాట మా అత్త ఎలిశబెతు తెచ్చి నా చెవిన వేసింది. వండేది నేనేనని ఇద్దరికీ తెలుసు. ల్యాప్‌టాప్‌లో నేనేం చేస్తానన్నదే తెలియదు.

మా ఆయన హెబ్రోను ముత్తుకూరు దగ్గర ఒక కరెంటు ప్లాంటులో ఇంజనీరు. అక్కడ బెల్టు మీద పోయే బొగ్గును తూచే యంత్రం ముప్పై ఏళ్ల నాటిది. చెన్నై ఆఫీసు వాళ్లు ఇప్పటి సి భాషలో రాసి పంపే ప్రోగ్రాములు దానికి ఎక్కవు. పాత సి లోకి మార్చి ఇవ్వాలి. అందులో లెక్కకు కావలసిన పేర్లన్నీ పని మొదలుకాకముందే పైన వరసగా చెప్పేయాలి, మధ్యలో కొత్తగా ఏదీ అడగకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో నాకు చెప్పిన పద్ధతే.

రెండేళ్లుగా ఆ మార్చే పని నాది. కావలి కాలేజీలో నేను చదివింది కంప్యూటర్లే. అన్నం ఉడికేలోపు ఒక ఫైలు, బట్టలు ఆరేసొచ్చి ఇంకొకటి. ప్రతి ఫైలు మీదా పేరు మాత్రం ఆయనది. "నీ పేరు పెడితే ఎవురు నమ్ముతారే" అన్నాడొకసారి, నవ్వుతూనే. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఏడుపొస్తుంది.

మొన్న అమ్మకు బాగాలేదని నేను బిట్రగుంట పోయిన రెండు రోజుల్లో ఒక ఫైలు ఆయనే మార్చాడు. లెక్క తిరిగే ప్రతి చుట్టుకీ సున్నా నుంచి మొదలవ్వాల్సిన బరువు పేరును తీసుకెళ్లి ఫైలు పైన పెట్టాడు, చుట్టు చుట్టుకీ దాన్ని మళ్లీ సున్నా చేయడం మరిచాడు. పాత బరువు మీద కొత్త బరువు చేరుకుంటూ పోయి తూకం తప్పింది. ఒక పూటంతా బెల్టు ఆగింది.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన పై అధికారి మధుబాబు గారు వాకిట్లో ఉన్నారు. నేను టీ తెచ్చేసరికి అడుగుతున్నారు, "ఇంత తప్పు ఎట్ట చేసినావయ్యా? పైవాళ్లు నిన్ను తీసేయమంటా ఉండారు."

మా ఆయన నా వైపు చూడలేదు.

"నేను కాదు సార్. మా ఆవిడ చేసింది. ఇంట్లో ఊరికే ఉండలేక చేస్తా ఉంటాది, నేనే నమ్మినా."

ఆ పని నాదని ఆయన నోట రావడం రెండేళ్లలో అదే మొదటిసారి.

గుమ్మంలో నిలబడ్డ అత్త, ఒప్పేసుకో అన్నట్టు తల ఊపింది. ఒప్పుకుంటే ఆయన ఉద్యోగం నిలుస్తుంది. నేను టీ కప్పులు బల్ల మీద పెట్టాను.

"ఆ ఒక్కటి ఆయన చేసినాడు సార్. మిగతావన్నీ నేను చేసినా."