నాలుగో స్టాపు కప్పు

పొద్దున మూడు బౌద్ధాలయాలు, మధ్యాహ్నం ఒక కొండ ఊరు. టూరు కంపెనీ కరపత్రంలో ఉండేది ఇంతే. కొండ ఊరు నాలుగో స్టాపు. అక్కడ ఇరవై రెండు ఇళ్ళు, ఇంటికో మగ్గం. ఆ మగ్గాల మీద నేసిన గుడ్డ కొనేది వ్యానులో వచ్చేవాళ్ళే. వ్యాను ఆగితే ఊరు తింటుంది. ఆగాలంటే కంపెనీ షరతు ఒకటుంది. ఇళ్ళు గడ్డి ఇళ్ళుగానే ఉండాలి.

గైడ్ ఆ ఊరి పిల్లే. కంపెనీకి తెలియదు. తొమ్మిదేళ్ళ కింద దరఖాస్తులో టౌనులోని అద్దె గది అడ్రసు రాసింది, అంతకు మించి ఎవరూ అడగలేదు. మైకులో సొంత ఊరివాళ్ళని ‘వీళ్ళు’ అంటుంది. ‘వీళ్ళు కొండను తల్లిలా చూసుకుంటారు’ అని ఒక వాక్యం ఉంది. అది కంపెనీ రాసిచ్చింది. మొదటి ఇంట్లో మగ్గం మీద కూర్చునే ముసలామె గైడ్ తల్లి. టూరిస్టుల ముందు ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. ఆ వాక్యం విన్న మొదటి రోజు వ్యాను వెళ్ళాక ఆవిడ ఫోను చేసి, “కొండ సంగతి అటుంచు, నన్ను తల్లిలా చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు” అంది.

ఊరికీ వ్యానుకీ మధ్య ఒక హారన్ ఒప్పందం ఉంది. మూలమలుపు దగ్గర డ్రైవరు మూడుసార్లు హారన్ కొడతాడు. అది వినగానే ఊళ్ళో నైటీలు, ప్యాంట్లు లోపలికి పోతాయి, పాత బట్టలు బయటికొస్తాయి. మోటారు సైకిళ్ళ మీద గోనెపట్టాలు పడతాయి. టీవీలు ఆగిపోతాయి. అంతా ఐదు నిమిషాల పని. కంపెనీ మేనేజరుకి ఇదేమీ తెలియదు. ఆయన ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటాడు.

కానీ గడ్డి కప్పు కారుతుంది. కారేది సరిగ్గా మగ్గం మీదే. పోయిన వానల్లో అమ్మ మగ్గానికి ఎక్కించిన పడుగు నూలు మొత్తం బూజు పట్టింది. నెల రోజుల పని తీసి పొయ్యిలో పెట్టుకుంది. ఆ గుడ్డ అమ్ముడుపోవాలంటే గడ్డి కావాలి, ఆ గడ్డి కింద గుడ్డ కుళ్ళిపోతుంది. ఇలాంటి ఏర్పాటు చేసినవాళ్ళు ఏ వానలోనూ తడవరు.

గైడే ఉపాయం చెప్పింది. కింద రేకులు వేసి, పైన మళ్ళీ గడ్డి కప్పడం. మంగళవారం వ్యాను రాదు కాబట్టి మంగళవారం చెయ్యాలి. మామయ్య రేకులు తెచ్చి పెట్టాడు.

ఆ మంగళవారమే మేనేజరు ప్రత్యేక ట్రిప్పు వేశాడు, తనూ వస్తానన్నాడు. గైడ్‌కి పొద్దున ఆరింటికి తెలిసింది. అమ్మకి ఐదుసార్లు ఫోను చేసింది. ఫోను ఎప్పటిలాగే దిండు కింద మోగుతూ ఉంది. వ్యానుకి డ్రైవరు కూడా కొత్తవాడు. ఇక మిగిలింది హారన్ ఒక్కటే.

మొదటి గుడిలో చెప్పులు విప్పించింది. రెండో గుడిలో మోకాళ్ళు కనబడుతున్న ఇద్దరికి తుండ్లు ఇచ్చింది. మూడో గుడి కప్పు మారుస్తున్నారు. లోపల బుద్ధుడి భుజం మీద నీళ్ళు కారిన చార నల్లగా ఉంది. గుమ్మం దగ్గర బల్ల మీద కొత్త పెంకులు పేర్చి ఉన్నాయి. విరాళం ఇచ్చినవాళ్ళు పెంకు వెనక రంగుతో పేరు రాసుకోవచ్చు.

“పాపం, ఎన్నాళ్ళ నుంచి కారుతోందో” అంది రిటైరైన టీచరమ్మ. మనవల పేర్లన్నీ రాసింది. మేనేజరు వాళ్ళమ్మ పేరు రాసి, పెంకు పట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఫోటో తీసింది గైడే.

మూలమలుపు రాగానే గైడ్ ముందుకు వంగింది.

“హారన్ కొట్టు తమ్ముడూ.”

“ఎదురుగా ఎవరూ లేరక్కా.”

“మలుపు కదా, కొట్టు.”

“మలుపులో అద్దం పెట్టారుగా అక్కా, అవతల మొత్తం కనిపిస్తోంది.”

పక్క సీట్లో మేనేజరు తల ఊపాడు. “డ్రైవరంటే ఇలా ఉండాలి. కొండల్లో ఈ ప్రశాంతతే మనం అమ్ముకునేది.”

డ్రైవరు సంతోషించి ఇంకా మెల్లగా పోనిచ్చాడు. చప్పుడు లేకుండా ఊళ్ళోకి వచ్చి ఆగాడు.

మొదటి ఇంటి కప్పు సగం రేకులై ఎండకి మెరుస్తోంది. మామయ్య పైన కూర్చుని సుత్తి ఎత్తి ఉన్నాడు. అమ్మ నైటీ మీద తువ్వాలు చుట్టుకుని నిచ్చెన మధ్యలో ఉంది. నోట్లో మేకులు. పక్కింట్లో టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

“ఫోటోలో ఇలా లేదే” అంది టీచరమ్మ.

అమ్మ కూతుర్ని చూసింది. వెనక దిగుతున్న జనాన్ని చూసింది. మేకులు తీసి గుప్పిట్లో పట్టుకుంది.

“చూస్తూ నిలబడ్డావేంటే, నిచ్చెన జారుతోంది. పట్టుకో.”

గైడ్ వెళ్ళి పట్టుకుంది.

“ఈవిడ మీకు తెలుసా?” అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

“మా అమ్మ.”

ఆయన కరపత్రం తీసి చూశాడు, అందులో ఏమైనా రాసి ఉందేమోనని.

మేనేజరు కేకలు వెయ్యలేదు. నిచ్చెన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. “నీ ఊరి సంగతి తర్వాత మాట్లాడదాం. శనివారం లోపు ఈ రేకుల మీద గడ్డి కప్పించెయ్. కింద ఏముంటే నాకెందుకు, పైకి కనబడకూడదు అంతే. స్టాపు తీసెయ్యను.”

అది వాళ్ళు అనుకున్న ఉపాయమే, అచ్చంగా. ‘సరే సార్’ అంటే అయిపోయేది. పైనుంచి అమ్మ ఆ రెండు మాటల కోసమే చూస్తోంది. మామయ్య అప్పుడే గడ్డి కట్ట వైపు చెయ్యి చాపాడు.

“పొద్దున మీ అమ్మగారి పేరు రాశారు కదా సార్. ఆ పెంకు మీద కూడా గడ్డి కప్పిద్దామా?”

“అది గుడి.”

“ఇందులో మనిషి పడుకుంటుంది సార్.”

డ్రైవరు తుడిచిన వ్యాను అద్దమే మళ్ళీ తుడిచాడు. మేనేజరు అందర్నీ వ్యానెక్కమన్నాడు. ఆ రోజు ఒక్క గుడ్డా అమ్ముడుపోలేదు.

స్టాపు తీసేశారు. వ్యాను ఇక అదే దారిలో పై ఊరికి పోతుంది. గైడ్‌ని మాత్రం తియ్యలేదు. దయ కాదు, వానాకాలంలో ఆ దారి తెలిసినవాళ్ళు ఇంకొకరు దొరకలేదు. మైకులో చెప్పే వాక్యాలు కూడా మార్చలేదు. పై ఊరివాళ్ళు కూడా కొండను తల్లిలా చూసుకుంటారు.

“మేకులు నీ నోట్లో పెట్టాల్సింది” అంది అమ్మ ఫోనులో. “నా కప్పు బాగుపడింది, ఇరవై ఒక్క ఇళ్ళ పొయ్యి ఆరిపోయింది. మీ పిన్ని నీళ్ళ దగ్గర మొహం తిప్పుకుంటోంది.”

“నేనేం చెయ్యను?”

“అనేముందు అడగాల్సిన మాట ఇది.”

గైడ్ మూడు రోజులు ఎవరికీ ఫోను చెయ్యలేదు. శుక్రవారం సాయంత్రం చేసింది. రేపు గుడ్డలు పట్టుకుని మలుపు అవతల ఉండమంది, హారన్ వినగానే రోడ్డు పక్కకి రమ్మంది.

“ఏ బట్టలు కట్టుకోమంటావు?”

“నీ ఇష్టం.”

“నిజంగా?”

“అందరికీ చెప్పు. వచ్చేవాళ్ళు వస్తారు.”

శనివారం వాన. మేనేజరు ఆఫీసులో ఉన్నాడు. మలుపు రాగానే గైడ్ ముందుకు వంగింది. డ్రైవరు ఆమె నోరు తెరవకముందే అన్నాడు.

“ఇక్కడ స్టాపు లేదుగా అక్కా.”

“లేదు. హారన్ కొట్టు.”

అతను అద్దంలో ఆమెను చూశాడు. మూడుసార్లు కొట్టాడు.

మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కన గొడుగుల కింద ఏడుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇరవై రెండు ఇళ్ళకి ఏడుగురు. పిన్ని లేదు. ముందు అమ్మ, నైటీ మీద స్వెట్టరు, చంకలో ప్లాస్టిక్ కాగితం చుట్టిన మూట. బస్సుకి ఎత్తినట్టు చెయ్యెత్తింది.

డ్రైవరు బ్రేకు వేశాడు. “వానలో ఆడవాళ్ళు చెయ్యెత్తితే ఎలా పోతానక్కా? అడిగితే ఇదే చెప్తాను.”

అమ్మ మెట్టెక్కి, కూతురి చేతిలో మైకు వైపు ఒకసారి చూసి, దాన్ని దాటుకుని మొదటి సీటు దగ్గరికెళ్ళి మూట విప్పింది. అక్కడ కూర్చున్నావిడ గుడ్డ మడత వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇంత వానలో ఏమాత్రం చెమ్మ లేదే.”

“రేకులు వేశాం” అంది అమ్మ.