అందని కొక్కెం

మే పదకొండు. ఆ తేదీని పడవ ఇంజను డ్రైవరు మర్చిపోలేదు. పొద్దున తిన్నది రెండు ఉడికిన గుడ్లు, ఎండిన రొట్టె ముక్క. మూడో గుడ్డు బావమరిది లాక్కుని నోట్లో వేసుకున్నాడు.

"ఇంజను గదిలో నువ్వే ఉడుకుతావు కదా బావా, మళ్ళీ నీకు ఉడికిన గుడ్డెందుకు?"

నౌకాదళం లెక్కలో వాళ్ళ టగ్గు పడవకు ఒక అంకె మాత్రమే ఉండేది. పనివాళ్ళకు అది గున్న. ఏనుగుపిల్లంత ఉండి కొండంత యుద్ధనౌకలను లాగేది. కొత్తవాటిని సముద్రం దాకా సాగనంపింది, కాలిపోయినవాటిని రేవుకి తెచ్చింది. దానికి ఒక్క ఫిరంగీ లేదు, ఒక్క పతకమూ రాలేదు.

డ్రైవరు పొట్టి, బావమరిది తాటిచెట్టు. ఇంజను గదికి దిగే ఇనుప తలుపు పని వేళ మూసి ఉండాలని నియమం. వేసవిలో మూస్తే లోపలి మనిషి మాడిపోతాడు. అందుకని బావమరిది బయట గోడకి ఎత్తున ఒక కొక్కెం బిగించి, తలుపు బార్లా తీసి దానికి తగిలించేవాడు.

"అంత ఎత్తున పెడితే నేను మూసేదెట్లారా?"

"నువ్వు మూయకూడదనే. గాలి పీల్చుకో బావా."

ఆ మధ్యాహ్నం గున్న లాగుతున్న యుద్ధనౌక అనుకున్నదానికంటే జోరుగా కదిలింది. తాడు పక్కకి తిరిగి గున్నను ఒరగలాగేసింది. తెరిచున్న తలుపులోంచి నీళ్ళు ఇంజను గదిలోకి దూకాయి. ఆ తలుపులోంచే డ్రైవరు ఎలాగో బయటపడ్డాడు. గొడ్డలితో తాడు నరకబోయిన బావమరిది మునుగుతున్న పడవ కింద ఇరుక్కుని పోయాడు.

పడవ ఇంకా నీటి అడుగున ఉండగానే ఆఫీసు గదిలో విచారణ జరిగింది. తలుపు మూసి ఉంటే గున్న మళ్ళీ లేచి నిలబడేదన్నాడు అధికారి.

"తీసిందెవరు? పోయినవాడేనా?"

కిటికీ అవతల బల్ల మీద అత్తగారు కూర్చుని ఉంది.

"నేనేనండి," అన్నాడు డ్రైవరు. నిజం తెలిసిన పనివాళ్ళు నేలచూపులు చూశారు.

గున్నను పైకి తేల్చి, బాగుచేసి, మళ్ళీ పనిలో పెట్టారు. అతణ్ణి అదే ఇంజనుకు నూనె పోసే పనిలో పడేశారు. పిలుపులో మాత్రం డ్రైవరుగానే మిగిలాడు. మూసిన తలుపు వెనక ఆ వేడినంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంట్లో ఉంది. భార్య తిట్టలేదు, శపించలేదు. వేళకు అన్నం పెట్టి, పక్క మాత్రం తల్లి గదిలోకి మార్చుకుంది. తల్లి పోయాక కూడా ఆ గది వదల్లేదు. నిజం ఎన్నోసార్లు అతని నోటిదాకా వచ్చింది. చెబితే తమ్ముడు ఆమెకు రెండోసారి పోతాడనిపించి మింగేసేవాడు.

చాలా ఏళ్ళకి గున్నను తుక్కుకిచ్చే ముందు ఇంటివాళ్ళను తెచ్చి చూపించుకోవచ్చన్నారు. ఆమె వస్తుందనుకోలేదు. తమ్ముడు పోయిన చోటు చూడాలని వచ్చింది. ఇనుప తలుపు దగ్గర ఆగి తలెత్తింది. రంగు మీద రంగు పడి లావెక్కిన కొక్కెం ఇంకా అక్కడే ఉంది.

"తలుపు దీనికేనా తగిలించారు?"

"ఆఁ."

"ఏదీ, అందుకోండి."

అతను కదల్లేదు.

"అందుకోమంటున్నానా!"

మునివేళ్ళ మీద లేచాడు. జానెడు తక్కువైంది.

"అటక మీది డబ్బా కూడా వాడే కదా మీకు తీసిపెట్టేవాడు," అంది. అంతలోనే మండిపడింది. "నిజం చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా? చచ్చినవాడి పరువు కాపాడారు, సరే. బతికున్న దాన్ని, నేనేం పాపం చేశానండీ?"

"మీ అమ్మ వింటోంది అప్పుడు."

"అమ్మ పోయి ఎన్నాళ్ళయింది?"

ఆమె ముందు, అతను వెనక ఇల్లు చేరారు.

అన్నాలయ్యాక అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె దిండు చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"జరగండి."

జరిగాడు. నెరిసిన జుట్టు ముడి విప్పుకుంటూ ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు.

"ఉక్కగా ఉంటుంది నీకు," అన్నాడు చివరికి. "తలుపు తీసే ఉంచు."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, చప్పుడు కాకుండా లోపలి నుంచి తలుపు మూసింది.