మార్చి నెల గంట

ఆ ఆదివారం తెల్లవారుజామున లేవగానే ఒబ్దులియాకి ఒళ్ళు మండిపోయింది. ఏటా మార్చిలో, వేసవి అయిపోయే ఈ రోజున, దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పేవాళ్ళు. ఆమె భర్త సిల్వెరియో అరెగ్వా నుంచి రాజధాని అసున్సియోన్‌కి మొదటి బస్సు నడుపుతాడు. అలవాటుగా పాత వేళకే మెలకువ వచ్చేది కాబట్టి, ఆ ఒక్కరోజు అతనికి ఒక గంట మిగిలేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ గంట వాళ్ళిద్దరిదే. వసారాలో కూర్చుని, ఒకే కప్పులో వేడి మాతే ఆకు టీ మార్చి మార్చి తాగుతూ ఊరందరినీ ఆడిపోసుకునేవారు. ఏడాదంతా ఇంటికొచ్చి గుర్రుపెట్టే మొగుడు ఆ గంటలో మాత్రం భలే కబుర్లు చెప్పేవాడు.

ఈ ఏడు నుంచి ఇక గడియారం ముట్టుకోనక్కర్లేదు, ఏడాది పొడుగునా వేసవి వేళే అని రాజధానిలో పెద్దలు తేల్చేశారు. వాళ్ళ సొమ్మేం పోయింది? పోయింది ఒబ్దులియా గంట.

"ఏమయ్యా, ఇవాళ ఏం రోజో గుర్తుందా?"

"ఆదివారం. నా టోపీ ఎక్కడే?"

"నా నెత్తిమీద!"

సిల్వెరియో నవ్వేసి, టోపీ వెతుక్కుని డిపోకి వెళ్ళిపోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది. గంట పోతే పోయింది, దాన్ని తలుచుకుని ఒక్క మాటైనా అనలేదే!

కాసేపయ్యాక ముక్కు చీదుకుని, "బస్సేమైనా వీడి తాతదా?" అనుకుంది. నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసుకుని, కప్పూ ఆకూ సంచిలో వేసుకుని, ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి బస్సుకి చెయ్యెత్తింది.

"ఎక్కడికే?" అన్నాడు సిల్వెరియో తలుపు తీసి.

"చివరిదాకా. నీకెందుకు?"

డ్రైవరు పక్క సీటులో మనిషి లేడు, అతని టోపీ ఉంది.

"నీ కోసమా తల్లీ ఇదంతా!" వెనక నుంచి చిపా రొట్టెలమ్మే పెత్రోనా అరిచింది. "మోకాళ్ళ నొప్పులన్నా నన్నక్కడ కూర్చోనివ్వలేదు మహానుభావుడు. ఇంటి ముందు ఆపాలి, మా ఆవిడ ఎక్కాలి అని డిపో నుంచీ ఒకటే పాట!"

ఒబ్దులియా టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ముందే చెప్పి చావొచ్చుగా."

"చెప్తే నువ్వు ముస్తాబయ్యేసరికి సోమవారం వచ్చేది."

అసున్సియోన్‌కి ఎలా లేదన్నా గంట పడుతుంది. ఆమె మాతే కలిపి అందించింది.

"ఆ కప్పు ఇటు కూడా తిప్పండర్రా," అంది పెత్రోనా.

మాతే అడిగిన మనిషికి లేదనడం ఆ ఊళ్ళో ఎవరూ చెయ్యరు. ఒబ్దులియా చేసింది.

"రేపు ఇంటికి రా అత్తా, కడుపు నిండా పోస్తా. ఇవాళ మాత్రం కాదు."

సిల్వెరియో కప్పు ఖాళీ చేసి తిరిగిచ్చాడు.

"ఇంతకీ ఆ మందులషాపు వాడి సంగతి విన్నావా?" అన్నాడు.