పార్కింగ్ లాట్‌లో రాసిన సమీక్ష

విజయశ్రీ ఏ సినిమా చూసినా సమీక్ష కారులోనే రాసేది. ఇంటికెళ్ళి రాయడం ఆవిడకి అచ్చిరాలేదు. టెక్సాస్‌లో వాళ్ళుండే ఇర్వింగ్‌లో హైవే ఎక్కితే పక్క లేన్ వాడి మీద కోపం కూడా సమీక్షలోకి వచ్చేస్తుంది. ఇల్లు చేరితే భర్త నరసింహ "ఎలా ఉంది సినిమా?" అని అడుగుతాడు. ఒకసారి నోటితో చెప్పేశాక రాయడానికి ఏం మిగులుతుంది? అందుకని షో అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా తల వంచుకుని పార్కింగ్ లాట్‌కి నడిచేది. ఏసీ వేసి, లాప్‌టాప్‌ని స్టీరింగ్‌కి ఆనించుకుని, అక్కడికక్కడ రాసి పంపేసేది. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్ అయిపోయేసరికి హైదరాబాద్‌లో తెల్లవారి ఇంకా పాలవాళ్ళు తిరుగుతుంటారు. అక్కడి జనం మొదటి ఆటకి బయలుదేరేలోపే ఆవిడ మాట వాళ్ళ ఫోన్లలో ఉంటుంది. ఆ మాటంటే హడలే నిర్మాతలున్నారు. ఆ మాట కోసమే కాచుకుని కూచునే ఆడపిల్లలూ ఉన్నారు.

ఈ గురువారం మాత్రం లాప్‌టాప్ తెరిచి కూర్చుందే గానీ ఒక్క అక్షరం పడలేదు. బయట టెక్సాస్ ఎండ ఇంకా దిగలేదు. జనం నవ్వుకుంటూ కార్లెక్కుతున్నారు. ఆవిడ వేళ్ళు మాత్రం కదలడం లేదు.

ఎలా కదులుతాయి? ఆ సినిమా తీసింది నైనిక.

నైనిక ఆవిడ కడుపున పుట్టలేదు, అంతే తేడా. పక్క అపార్ట్‌మెంట్ పిల్ల. తల్లి మనీషా, తండ్రి ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. గురువారం సాయంత్రం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజుల పని పడితే "అక్కా, ఇవాళొక్కరోజు చూస్తారా?" అని పిల్లని అప్పజెప్పేవారు. ఆ ఒక్కరోజు ఏళ్ళ తరబడి సాగింది. ప్రీమియర్ మానుకోవడం విజయశ్రీ వల్ల కాదు, పిల్లని వదిలి వెళ్ళడమూ కాదు. అలా నైనిక పలక పట్టే వయసు నుంచీ ఆవిడ పక్క సీట్లో కూర్చుని తెలుగు సినిమాలు చూసింది. ఆ పిల్ల తెలుగు నేర్చుకున్నదే అక్కడ. "ఆంటీ, వై ఈజ్ హీ ఫాలోయింగ్ హర్? ఆమె నో చెప్పింది కదా?" అని అడిగితే ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి గుడ్లురిమేవారు. "ఇంకా గట్టిగా అడుగు, వాళ్ళకీ వినపడాలి" అనేది విజయశ్రీ. పెద్దయ్యాక కంప్యూటర్ చదువు మధ్యలో వదిలేసి సినిమా చదువుతానంటే ఇంట్లో యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో విజయశ్రీ ఏ పక్షమో వేరే చెప్పక్కర్లేదు.

తీరా ఆ పిల్ల మొదటి సినిమా చూద్దామని వెళ్తే, విజయశ్రీకి తెర మీద కనిపించింది తనే.

సినిమాలో కథానాయిక విజయవాడలో జర్నలిస్టు. పత్రికలో మహిళల పేజీ చూస్తుంది. లేడీస్ క్యూలో నిలబడి టికెట్ కొంటుంది, విశ్రాంతిలో గోలీసోడా తాగుతుంది. చీకట్లో కూర్చున్న విజయశ్రీ సీటు అంచుకి జరిగింది. తను కబుర్లుగా చెప్పినవన్నీ ఈ పిల్ల ఎప్పుడు దాచుకుంది?

విజయవాడలో ఆవిడ పత్రికలో పనిచేసిన రోజులే వేరు. మహిళల పేజీ అంటే ఆవకాయ, అల్లికలు, ముగ్గులు. "అమ్మా, ఆవకాయలో ఉప్పెంతో చెప్పండి, చాలు" అనేవాడు ఎడిటర్ రాధాకృష్ణ. ఒక వారం వంటల వ్యాసం రాలేదు. పేజీలో ఖాళీ నింపడానికి విజయశ్రీ ముందురోజు చూసిన హిట్టు సినిమా గురించి రాసింది. 'ఆమె ఏం పని చేస్తుంది?' అని శీర్షిక పెట్టింది. కథానాయికకి ఉద్యోగం లేదు, స్నేహితులు లేరు, పాటకో చీర మారడం తప్ప ఆమెకి జరిగేదేమీ లేదని రాసింది. వారం తిరిగేసరికి ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సగం బూతులే. "తిట్టడానికైనా చదువుతున్నారుగా, రాయండి" అన్నాడు రాధాకృష్ణ. అప్పటి నుంచీ ఉప్పు సంగతి పాఠకులే చూసుకున్నారు. మ్యాట్నీ చూసి, సిటీబస్సులో నిలబడే మొదటి వాక్యం కుదుర్చుకుని, ఆఫీసు మెట్లెక్కుతుంటే కింద ప్రెస్సు నుంచి సిరా వాసన వచ్చేది. ఆ వాసన కోసం ఆవిడ ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

తర్వాత నరసింహకి అమెరికా ఉద్యోగం వచ్చింది. ఆడది తన కాళ్ళ మీద తను నిలబడాలని పేజీలకి పేజీలు నింపిన మనిషి ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద విమానం ఎక్కింది. నవ్వేవాళ్ళు నవ్వారు. కొన్నాళ్ళు ఊరికే కూర్చుంది, పిచ్చెక్కినంత పనైంది. అమెరికాలోనే ఆష్‌బర్న్ అనే ఊళ్ళో చైతన్య అనే కుర్రాడు సినిమా వెబ్‌సైట్ మొదలుపెట్టి రాయమంటే, పైసా రాకపోయినా రాసింది. అభిమాన సంఘాలవాళ్ళ తిట్లు మాత్రం విజయవాడలో కన్నా త్వరగా అందేవి.

తన విజయవాడ రోజుల్ని తెర మీద చూసి మురిసిపోతుండగానే చివరి సన్నివేశం వచ్చింది. కథానాయిక రాసుకుంటుంటే గుమ్మంలో చిన్నపిల్ల వచ్చి నిలబడుతుంది. ఆమె కలం మూసేసి, పిల్లని ఎత్తుకుని, దీపం ఆర్పేస్తుంది. ఆమె మళ్ళీ రాయలేదని తెర మీద అక్షరాలు పడ్డాయి. హాలంతా చప్పట్లు. విజయశ్రీకి ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ మోగింది. చైతన్య.

"మేడమ్, మీరూ ఆ అమ్మాయీ క్లోజ్ కదా. ఇదొక్కటి స్కిప్ చేద్దామా? నేనే ఏదో పాజిటివ్‌గా పెట్టేస్తా. లేడీ డైరెక్టర్, ఫస్ట్ ఫిల్మ్. మీరు కొడితే మళ్ళీ లేవదు."

చైతన్య అన్నదాంట్లో అబద్ధం లేదు. రాస్తే పిల్ల దూరమవుతుంది, అదే ఆవిడ భయం. రాయకపోతే ఇన్నేళ్ళుగా పరాయి బిడ్డల సినిమాలని ఉతికి ఆరేసిన నోటికి ఏం విలువ? ఊరి పిల్లలందరికీ బెత్తం, మన పిల్లకి బెల్లమా?

"నేనే రాస్తా బాబూ. కామా కూడా మార్చకుండా పెట్టు" అని ఫోన్ పెట్టేసింది.

రాసింది. ఈ దర్శకురాలు నా చేతుల్లో పెరిగింది, ఆ సంగతి తెలిసే చదవండి అని మొదలుపెట్టింది. మొదటి సగాన్ని కడుపు నిండా మెచ్చుకుంది. ఆపైన ఇలా రాసింది: "ఆమె కలం మూసేస్తే హాలు చప్పట్లు కొట్టింది. ఆడది పని మానేసినప్పుడల్లా మన హాళ్ళలో వినిపించే చప్పట్లే అవి. ఈ ముగింపు ఎవరి కోరికో నాకు తెలియదు. ఆ పాత్ర కోరిక మాత్రం కాదు." మళ్ళీ చదివితే మనసు మారుతుందని చదవకుండానే పంపేసింది.

కాసేపటికే ఫోన్ మోగింది. ఈసారి హైదరాబాద్ నుంచి.

"ఆంటీ" అంది నైనిక. గొంతు బొంగురుపోయి ఉంది.

"చదివావా?"

"యా."

"ఆ ముగింపు ప్రొడ్యూసర్ పెట్టించాడు కదూ?" అంది విజయశ్రీ, అవునంటే బాగుండునన్న ఆశతో.

"నో. హీ వాంటెడ్ అ సాంగ్. నేనే ఫైట్ చేసి పెట్టా."

"ఎందుకే?"

"ఎవరి కోరిక అని రాశావ్ కదా. నాది, ఆంటీ. మూవీ అయ్యాక నువ్వు కార్‌లో టైప్ చేస్తావ్. నేను బ్యాక్ సీట్‌లో ఉంటా. పాప్‌కార్న్ అయిపోతుంది. నీతో చాలా మాట్లాడాలి అని ఉంటుంది. నువ్వు 'ష్, రాసుకోనీ' అంటావ్. ఎవ్రీ థర్స్‌డే. నువ్వు లాప్‌టాప్ క్లోజ్ చేసి నా వైపు తిరగాలి అని విష్ చేసేదాన్ని."

విజయశ్రీకి కళ్ళు నిండిపోయాయి. హాల్లో గట్టిగా అడగమన్న నోరే కారులో ఊరుకోమందని ఇన్నేళ్ళలో ఆవిడకి తట్టనే లేదు. క్షమించమందామనుకుంది గానీ, ఆ రాతలు లేకపోతే తను ఏమైపోయేదో ఆవిడకి బాగా తెలుసు. పిల్ల ఎదురుచూసిందన్నదీ నిజమే, తను రాయకుండా బతకలేకపోయిందన్నదీ నిజమే. రెండింట్లో దేన్నీ కొట్టిపారేయడానికి లేదు.



"మరి అది తీయలేదేమే?" అంది విజయశ్రీ.

"ఏది?"

"ఆ కారు. ముందు సీట్లో రాసుకునే మనిషి, వెనక సీట్లో పిల్ల. ఈవిడ రాత మానదు, ఆ పిల్ల ఎదురుచూడ్డం మానదు. నాచేత కలం మూయించి చేతులు దులుపుకున్నావు గానీ, అసలు సినిమా ఆ వెనక సీట్లో ఉందే పిచ్చిదానా."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఓకే. కానీ దాంట్లో ఎండింగ్ ఏంటి? ఆ ఆంటీ వెనక్కి తిరుగుతుందా, తిరగదా?"

"నాకేం తెలుసే? తియ్యి. వచ్చి చూసి రాస్తాను" అంది విజయశ్రీ.