ఎదురు పురి

"మా ఫ్యాక్టరీ నిండా ఉక్కు తాళ్లుంటే నువ్వు గడ్డి పేనుకుంటన్నావా? పాగల్!" అని నవ్వాడు మా ఆయన కిషోర్, బూట్లు తొడుక్కుంటూ. నేను అత్త నోటికి ముద్ద అందిస్తున్నాను. పక్షవాతం వచ్చాక పైడితల్లత్త చేతులు లేవలేదు. తినిపించడం, తుడవడం, జడ వెయ్యడం అన్నీ నేనే. అయినా ఆయన దృష్టిలో నేను ఇంట్లో ఊరికే కూర్చునే మనిషిని.

మేం బతకడానికొచ్చిన ఈ హిందీ ఊరు గోవింద్‌పూర్‌లో, మా వీధి చివరి షెడ్డులో ఆడవాళ్లకి సబాయి గడ్డితో తాళ్లు పేనడం నేర్పుతున్నారు. మధ్యాహ్నం అత్త నిద్రపోయాక, తలుపుకి తాళం పెట్టి వెళ్లేదాన్ని. చేసిన పని సాయంత్రానికి మిగిలి ఉండడం నాకు కొత్త. వండింది మిగలదు, ఊడ్చిన నేల మిగలదు. తాడు మిగులుతుంది. సగం పేనింది మిగిలిన గడ్డితో సహా ఇంటికి తెచ్చి, అత్త మంచం పక్క కిటికీ ఊచకి కట్టేదాన్ని.

ఒకరోజు షెడ్డు నుంచి వచ్చేసరికి అది జానెడు పెరిగి ఉంది. నా మతిమరుపే అనుకున్నాను. మర్నాడు మూరెడు పెరిగింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల అత్త ఒక్కతే, కళ్లు మూసుకుని.

మాకు నేర్పే ఆదివాసీ ఆవిడ సోమ్‌బారీ దీదీకి ఆ తాడు చూపించాను. వేళ్లతో తడుముతూ ఒకచోట ఆగిపోయింది.

"యే తేరా హాథ్ నహీ."

నా చెయ్యి కాదట. అక్కణ్నుంచి పురి ఎదురు తిరిగి ఉందట.

మరుసటి రోజు తాడు మళ్లీ కిటికీకి కట్టి వెళ్లి, సగంలోనే వచ్చేశాను. కిటికీలోంచి చూశాను. అత్త మంచం మీద లేచి కూర్చుంది. గడ్డి పాయల్ని కాలి బొటనవేలికి తగిలించి, రెండు చేతులతో గబగబా పేనుతోంది. కళ్లు మాత్రం మూసే ఉన్నాయి.

తాళం చప్పుడుకి ఆ చేతులు ఒడిలోకి వాలిపోయాయి.

"సూసేసినావా?" అంది అత్త. "మా ఊర్లో గోగునార పేనీదాన్ని."

"సేతులు ఎప్పట్నించి లేత్తన్నాయత్తా?"

"శానా దినాలైనాది."

"మరి నేను ముద్దలు పెడతంటే తింటన్నావే!"

"లేత్తన్నాయని తెలిత్తే మళ్లీ పొయ్యి కాడికే తోలీరా? ఇన్నేళ్లూ ఆళ్లకే సేసినాను. నాకని ఇప్పుడీ సేతులు దాసుకున్నాను."

ఒళ్లు మండిపోయింది. "నువ్వు దాసుకున్న పనంతా నా నెత్తినే పడింది గదా!" అన్నాను.

అత్త నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో జాలి లేదు. ఏదో అప్పగిస్తున్నట్టుంది. నేనూ వాటినే చూసుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాను.

పొద్దు వాలాక కిషోర్ వచ్చాడు. "అన్నం పెట్టు" అన్నాడు. నేను కదల్లేదు.

"ఏటైందే?"

"నా సేతులు లేవట్లేదు" అన్నాను.