కుర్చీ ఎక్కని వాడు

జనవరిలో మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి తిరిగి వచ్చాను. ఏప్రిల్ వచ్చింది. తొమ్మిది ఆటలయ్యాయి. ఒక్క గోల్ వేయలేదు.

బెల్జియంలో వేశాను. సైప్రస్ ఎండలో వేశాను. నార్వేలో మంచు మీద నారింజ రంగు బంతితో వేశాను. పోర్చుగల్‌లో వానలో, ఆస్ట్రియాలో విరిగిన కాలివేలితో వేశాను. సాన్ నది పక్కన నేను పుట్టిన ఊళ్ళో, మా అమ్మమ్మ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కూర్చుని ఆట చూసిన చెక్కబల్లల ముందర మాత్రం బంతి నా మాట వినడం లేదు. నాకిప్పుడు ముప్ఫయ్యారేళ్ళు. జూన్‌లో బూట్లు విప్పేస్తాను. అంతకుముందు ఈ జెర్సీలో ఒకే ఒక్క గోల్ కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

గురువారం ప్రాక్టీసయ్యాక కోచ్ స్కిబా నా భుజం మీద చెయ్యి వేశాడు. కోచ్‌లు ఊరికే భుజం మీద చెయ్యి వేయరు.

"శనివారం బెంచీ మీద కూర్చో, విటోల్డ్. చివర్లో ఓ అరగంట ఆడిస్తాలే. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోలేదని చెప్పాను. ఇంటికి వెళ్ళి, బంగాళాదుంపలు ఒలుస్తూ, అనుకున్నాను.

గోల్ పడకపోవడానికి కారణం నాకు తెలుసు. తెలుసని ఒప్పుకోవడానికే సిగ్గు. ఏ క్లబ్బులో చేరినా కొత్తగా వచ్చినవాడు అందరూ భోజనం చేస్తున్నప్పుడు కుర్చీ ఎక్కి ఒక పాట పాడాలి. అది ఎక్కడైనా అంతే. ఒంటరిగా ఉండడం అలవాటైన నాలాంటివాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. పెనాల్టీ ముందు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు. నాకు వచ్చింది ఒకే పాట. అమ్మమ్మ దుంపలు తవ్వుతూ పాడేది, క్యాబేజీ తోటలో దూరి బయటికి రానని మొరాయించిన పొట్టేలు గురించి. ఐదు దేశాల్లోనూ అదే పాడాను. చివర్లో ఎవడో ఒకడు రొట్టెముక్క విసిరేవాడు. అది తగిలాకే నేను వాళ్ళలో ఒకణ్ణి అయ్యేవాణ్ణి. రెండో ఆటలోపు గోల్ పడేది.

ఇక్కడ మాత్రం నన్నెవరూ కుర్చీ ఎక్కమనలేదు. జనవరిలో నాకు అది ఎంతో హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. పరాయి దేశంలో మన భాష కంబళిలాంటిది. దాన్ని కప్పుకుని ఏం పాడినా ఎవరికీ ఏమీ కనబడదు. ఇక్కడ ప్రతి మాటా అందరికీ అర్థమవుతుంది.

పాట పాడితే గోల్ పడుతుందని నమ్మేంత వెర్రివాణ్ణి కాను. కానీ మైదానంలో ఒకటి గమనించాను. కుడివైపు నుంచి ఆడే తిమోన్‌కి ఇరవై ఏళ్ళు, వాడిది పిచ్చుక నడక. మిగతావాళ్ళకి అంచు నుంచి గోల్ ముందుకి రాయిలాంటి క్రాస్ కొడతాడు. నాకు మాత్రం మెత్తగా పాదాల దగ్గరికి పంపిస్తాడు, పెద్దవాళ్ళకి మంచినీళ్ళ గ్లాసు అందించినట్టు. "తీసుకోండి, విటోల్డ్ గారూ!" నేను తీసుకునేలోపు ముగ్గురు డిఫెండర్లు వచ్చి నిలబడతారు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో, ఆ వారమే చేరిన గోల్‌కీపర్ కుర్రాణ్ణి కుర్చీ ఎక్కించారు. వాడు కళ్ళు మూసుకుని ఏదో పెళ్ళిపాట పాడాడు. అందరూ చెంచాలతో బల్లలు వాయించారు. నేనూ వాయించాను, నా చెంచా చప్పుడు వేరుగా వినబడుతోందేమోనని భయపడుతూ.

సూపు గిన్నె పట్టుకుని హలీనా గారు వచ్చింది. మా జెర్సీలు ఉతికేదీ, మాకు వండేదీ ఆవిడే.

"ఏవయ్యా రాదెక్, మరి ఈయనో? జనవరి నుంచి నా పుల్లసూపు తాగుతున్నాడు. ఒక్క కూనిరాగమైనా తీశాడా?"

మా కెప్టెన్ రాదెక్ చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, ఆయన్నెలా ఎక్కిస్తామండీ? ఐదు దేశాల్లో ఆడొచ్చిన మనిషి."

"పడితే తుంటెముక విరుగుతుంది కూడాను," అని ఎవడో గొణిగాడు. నవ్వబోయి అందరూ ఆపుకున్నారు.

ఆ ఆపుకోవడమే నాకు గుచ్చుకుంది. వాళ్ళు నవ్వేసి ఉంటే బహుశా కూర్చునే ఉండేవాణ్ణి. లేచాను. కుర్చీ లాగాను. ఎక్కాను. కుర్చీ కిర్రుమంది, నా మోకాలు కూడా.

"పొట్టేలు రాదంట క్యాబేజీ తోట నుంచీ,
తాత పిలిచినా రాదు, తాడు కట్టినా రాదు..."

గొంతు నాది కాదనిపించింది. అయినా ఆపలేదు. మొదటి చరణం అయింది, రెండోది ఎత్తుకున్నాను.

"ఆగాగు!" తిమోన్ చెంచా ఎత్తాడు. "ఇది ఇందాక పాడిందే కదా!"

నిజమే. మా అమ్మమ్మ పోయినప్పుడే రెండో చరణం కూడా పోయినట్టుంది. ఐదు దేశాల్లోనూ ఒకటే చరణం రెండుసార్లు పాడుతూ వచ్చానని ఒప్పేసుకున్నాను. బెల్జియం వాళ్ళు చప్పట్లు కొట్టారు. నార్వేలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

"పదిహేనేళ్ళుగా ఊళ్ళన్నిటినీ మోసం చేశాడ్రా!" అన్నాడు తిమోన్. ఇక ఎవరూ ఆపుకోలేదు.

హలీనా గారు గరిటె ఊపుతూ రెండో చరణం అందుకుంది.

"పిలిచి పిలిచి అలిసి అంతా ఇంటికి పోతే,
తనకు తానే వచ్చె పొట్టేలు, తలుపు పొడిచి మరీ వచ్చె!"

"మీ అమ్మమ్మ పక్క చాళ్ళోనే దుంపలు తవ్వాను, అబ్బాయ్," అంది. "ఆవిడ వింటే చెవి మెలేసేది."

రొట్టెముక్క వచ్చి నా ముక్కుకి తగిలింది. దాని వెంట ఉప్పులో ఊరిన దోసకాయ కూడా.

శనివారం అరవై మూడో నిమిషంలో నన్ను మైదానంలోకి దింపారు. రెండు జట్లకీ సున్నాయే. రెండు నిమిషాల్లోనే కుడివైపు నుంచి క్రాస్ వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు కాదు, రాయి. గోల్‌కీ డిఫెండర్లకీ మధ్య, మనిషి తనని తాను విసిరేసుకుంటే తప్ప అందని చోటుకి. నాకోసం అలాంటిది వస్తుందని నేను అనుకోలేదు. చూస్తూ నిలబడ్డాను. బంతి నా ముందునుంచే పోయింది.

"ఏం పొట్టేలూ!" తిమోన్ అక్కణ్ణుంచే అరిచాడు, రెండు చేతులూ గాల్లోకెత్తి. "నిద్రపోతున్నావా? కాళ్ళున్నాయా, అద్దెకిచ్చావా?"

రెండువేలమంది విన్నారు. కోచ్ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు తేలికైపోయింది. జనవరి నుంచి నన్ను ఎవరూ తిట్టలేదని అప్పుడే గుర్తొచ్చింది.

డెబ్భయ్యెనిమిదో నిమిషంలో వాడు మళ్ళీ కుడి అంచున పరుగు తీశాడు. ఈసారి నేను ఆలోచించలేదు. వాడు కాలెత్తకముందే కదిలాను. బంతి నా నుదుటికి తగిలిందో భుజానికి తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. పడ్డాను. నోట్లో మట్టి, గడ్డి. లేచి చూడాల్సిన పని లేకపోయింది. చెక్కబల్లల మీది జనం పాదాలతో దబదబా తొక్కుతున్నారు, ఆ చప్పుడు చిన్నప్పటిదే.

మొదట తిమోన్ వచ్చి నా వీపు మీద పడ్డాడు. తర్వాత రాదెక్. తర్వాత ఎవరెవరో.

"ఇందాకటిదానికే వచ్చుంటే," అన్నాడు తిమోన్ నా చెవిలో ఆయాసపడుతూ, "రెండు అయ్యేవి."

"అయితే ఇంకోటి కొట్టు," అన్నాను మట్టి ఉమ్మేసి. "ముందు నా మీంచి లే."