ముగ్గు డబ్బా

పెద్ద వరద వచ్చిన ఏడు అది, ఎనభై ఆరు. నీళ్ళు తీసిన రెండు నెలలకి మా ఆవిడ అమ్మాజీకి జబ్బు తిరగబెట్టింది. వరద చూసి జడుసుకుందన్నారు ఊళ్ళో. నేనూ అదే అనుకున్నాను.

మొదటిసారి వచ్చింది అంతకు నాలుగేళ్ళ ముందు. కాకినాడ డాక్టరుగారు స్కిజోఫ్రీనియా అన్నారు. రోజూ పడుకునే ముందు మాత్ర వేసుకోవాలి, బాగుందని మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందన్నారు. వేసుకున్నన్నాళ్ళూ బాగానే ఉంది. పొద్దెక్కేదాకా లేవలేకపోయేది, అంతే.

మా అమ్మ అచ్చాయమ్మకి మాత్రం అది అంతే కాదు. మా వీధిలో తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు లేకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. వరద బురద ఎత్తిపోశాక అన్ని వాకిళ్ళలోనూ ముగ్గులు పడ్డాయి, మా వాకిట్లో తప్ప. అన్నాళ్ళూ పెట్టిన అమ్మకి ఆ బురద ఎత్తాక నడుం వంగలేదు. ఎదురింటి త్రిమూర్తులు పరుగున వచ్చి "అత్తయ్య ఉందా, పోయిందా?" అన్నాడు. అడిగింది మా అమ్మనే.

"బతికుండగానే నాకు దినం పెట్టేసిందిరా నీ పెళ్ళాం!" అని అప్పటినుంచీ అమ్మ పోరు. నేను నోరెత్తలేదు. కొబ్బరికాయల పీచు వలిచే పనికి పోయేవాడిని. నోరెత్తని మగాణ్ణి మంచివాడంటారు మావైపు.

ఆ వారంలోనే అమ్మాజీ నాలుగింటికి లేవడం మొదలుపెట్టింది. వాకిలి, గేదె, ఏడుగురికి వంట, మధ్యాహ్నం పీచు తాడు పేనడం. "మనిషి దారిలో పడింది" అంది అమ్మ. నేను సంతోషించాను.

తర్వాత ఒక్కో పనీ ఆవిడ చేతిలోంచి జారిపోయింది. బియ్యం కడగడానికి కూర్చుంటే కడుగుతూనే ఉండేది, పొయ్యి మీద ఎసరు ఇంకిపోయి గిన్నె మాడేది. పేనిన తాడు విప్పి మళ్ళీ పేనేది. మా పిల్లకి జడ వెయ్యబోయి, దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయేది. పిల్ల సగం జడతోనే బడికి పోయేది. నూతి గిలక తనని పేరు పెట్టి తిడుతోందని నీళ్ళకి వెళ్ళడం మానేసింది. ఆఖరికి నేను కలిపి పెట్టిన అన్నం వాసన చూసి, ఇందులో ఏం కలిపారంటూ తోసేసింది. అప్పుడు కాకినాడ తీసుకెళ్ళాను. ఇరవై రోజులు ఉంచారు.

తిరిగొచ్చిన సాయంత్రం, అన్నాల దగ్గర అమ్మ అంది. "ఒరే పోలయ్యా, నయమైతే పొద్దున్నే వాకిట్లో ముగ్గు పడాలి. పడలేదా, రాజోలు బస్సెక్కించి పుట్టింట్లో దింపేసిరా."

అమ్మాజీ తింటున్న కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. గూట్లోంచి ముగ్గు డబ్బా తెచ్చి అమ్మ ముందు బోర్లించింది. తెల్లటి పిండిలోంచి పచ్చటి మాత్రలు దొర్లాయి. గుప్పెడు.

"ఇవేంటే?" అంది అమ్మ.

"నా మందండి అత్తగారూ. ఇది వేసుకుంటే నాలుగింటికి లేవలేను. లేవాలంటే ఇది మానాలి. మీకు ముగ్గు కావాలన్నారు."

"మందు మానమని నేనన్నానా?"

"ఆయ్, అన్లేదండి. లెగమన్నారు." నా వైపు తిరిగింది. "మీరూ వినండి. నేను ముగ్గులు పెడుతున్నప్పుడు బాగున్నానన్నారు అందరూ. నేను చెడిపోయింది అప్పుడేనండి. పొద్దెక్కేదాకా పడుకున్నప్పుడే బాగున్నాను. ఈ పూట మాత్ర వేసుకుంటాను. పుట్టింటికి పంపితే అక్కడా వేసుకుంటాను. మీ వాకిలి సంగతి మీరు చూసుకోండి."

వేసుకుని పడుకుంది. మాత్రలు ఏరి, పిండి మళ్ళీ డబ్బాకెత్తాను. నాలుగేళ్ళుగా ఆ డబ్బా నేను ముట్టుకుంది లేదు.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చాను. పేడ కలిపి కళ్ళాపి చల్లాను. నడుం పట్టేసింది. ముగ్గు నాకు రాదు. కొబ్బరి మొక్కలు నాటే వరసలో చుక్కలు పెట్టి, ఒకదానికొకటి కలుపుకుంటూ పోయాను. అమ్మ గుమ్మంలోకి వచ్చి నెత్తి కొట్టుకుంది. రాజోలు బస్సు వెళ్ళిపోయింది.

త్రిమూర్తులు వేపపుల్ల నోట్లోంచి తీసి ఇటు వచ్చాడు. "ఏం బావా, ఇంట్లో ఎవరికేవైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. మా ఆవిడ పడుకుంది."

"ముగ్గు వంకరగా ఉంది బావా."

"రేపటికి కుదురుద్దిలే" అన్నాను.